మూడోసారి మినుకుమన్నప్పుడు

2024 జులై 10 సాయంత్రం అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో ఒక 230 కిలోవోల్టుల లైనుపై సర్జ్ అరెస్టర్ పాడైంది. పిడుగు పడినప్పుడు వచ్చే అధిక వోల్టేజీని భూమిలోకి దింపే పరికరం అది. లోపం తగలగానే బ్రేకర్లు, అంటే లైనును వాటంతటవే కలిపి విడదీసే స్విచ్చులు, లైనును తెంపాయి. ఇలాంటి లోపాలు చాలావరకు వాటంతటవే పోతాయి కనుక కాసేపు ఆగి మళ్లీ కలిపి చూశాయి. లోపం పోలేదు, మళ్లీ తెంపాయి. ఇలా 82 సెకన్లలో ఆరుసార్లు వోల్టేజీ క్షణకాలం పడి లేచింది.

ఇలాంటప్పుడు ఇంట్లో దీపం ఒకసారి మినుకుమంటుంది, అంతే. డేటా సెంటర్ అలా ఊరుకోదు. అక్కడ సర్వర్లకు కాపలాగా ఉండే యూపీఎస్, వోల్టేజీ పడిన ప్రతిసారీ లెక్క పెట్టుకుంటుంది. నిమిషంలో మూడుసార్లు పడిందంటే, బయటి కరెంటును వదిలేసి సొంత బ్యాటరీలకు, జనరేటర్లకు మారిపోయేలా చాలాచోట్ల అమర్చి ఉంటారు. మనిషి వచ్చి చేత్తో మారిస్తే తప్ప అది వెనక్కి రాదు. ఆ సాయంత్రం సుమారు 60 డేటా సెంటర్లు ఒకేసారి ఇలా తప్పుకున్నాయి. గ్రిడ్ మీద నుంచి 1,500 మెగావాట్ల లోడు, అంటే అంత కరెంటు వాడకం, మాయమైంది. విశాఖ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలోని నాలుగు యూనిట్లలో మూడు కలిసి ఇచ్చే కరెంటు అంత!

లోడు తగ్గితే మంచిదే కదా అనుకుంటాం. కానీ గ్రిడ్‌లో పుట్టిన కరెంటు పుట్టినట్టే ఖర్చు కావాలి. కావడిలో ఒక కుండ జారిపోతే మోసేవాడికి బరువు తగ్గినా అడుగు తూలుతుంది. ఆ రోజు ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ రెండూ పెరిగాయి. వోల్టేజీని దించడానికి ఆపరేటర్లు సబ్‌స్టేషన్లలో వోల్టేజీని ఎత్తిపట్టే కెపాసిటర్ బ్యాంకులను తప్పించాల్సి వచ్చింది. గ్రిడ్ నిలబడింది. లోడు దీనికి మూడింతలైతే ఏమయ్యేదో అన్నదే నన్ను కలవరపెడుతోంది.

ఇలాంటి పెద్ద లోడులకు నియమాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. టెక్సాస్ 2025లో చేసిన చట్టం ప్రకారం 75 మెగావాట్లు, ఆపైన వాడే కొత్త వినియోగదారులు ఇదే అవసరానికి రాష్ట్రంలో మరోచోట కూడా దరఖాస్తు పెట్టారేమో చెప్పాలి. ఒకే కేంద్రం కోసం నాలుగుచోట్ల అడిగితే, రాని లోడు కోసం లైన్లు వేయాల్సి వస్తుంది. ఆ ఖర్చు సామాన్యుల బిల్లులోకి చేరుతుంది. అదే చట్టం ప్రకారం, తప్పనిసరి కోతలు పెట్టాల్సి వస్తే ఈ పెద్ద లోడును తగ్గించే ఏర్పాటు కూడా ఉండాలి.

విశాఖలో డేటా సెంటర్ కోసం 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. గిగావాట్ స్థాయి, అంటే సింహాద్రి సామర్థ్యంలో సగం. భూమి గురించి, నీళ్ల గురించి, రాయితీల గురించి వాదనలు వింటున్నాం, అవీ కావలసినవే. కానీ మన దేశంలో సౌర, పవన విద్యుత్ కేంద్రాలు వోల్టేజీ కాసేపు పడినా లైను వదలకూడదన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. అంత కరెంటు వాడుకునే కేంద్రాన్నీ అదే అడగాలి: వోల్టేజీ ఎంతవరకు పడితే పట్టుకుని ఉంటావు, ఎంతసేపు ఉంటావు, ఎన్నోసారికి వదులుతావు, తిరిగి ఎంత నిదానంగా వస్తావు? ఈ నాలుగు అంకెలు కనెక్షన్ ఒప్పందంలోనే, మొదటి స్తంభం పాతకముందే రాయించుకోవాలి.