రొయ్య పెంకుపై కలరా క్రిమి

2007 వానాకాలంలో ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాలను కలరా కుదిపేసింది. 2022లో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో మళ్లీ తలెత్తింది. రాయగడ, గుణుపురం తెలుగు ఇళ్లకు ఇది పాతకాలపు ముచ్చట కాదు. యాంటీబయాటిక్ మందులు ఇష్టానుసారం మింగడం వల్లనే కలరా క్రిములు వాటికి లొంగక మొండికేస్తున్నాయన్న మాట నిజమే గాని, అది సగం నిజం. మిగతా సగం నీళ్లలో ఉంది.

కలరా కారకమైన విబ్రియో కలరే అనే బాక్టీరియా నీటిలో ఎల్లవేళలా ఒంటరిగానే తిరగదు. కంటికి ఆనీ ఆనని కోపెపాడ్‌లనే రొయ్య జాతి జీవుల పెంకుకు అంటుకొని, చక్కెర గొలుసులూ ప్రొటీన్లూ కలిసిన జిగురును స్రవించి, అందులో గుంపుగా స్థిరపడుతుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ పొర అడుగున ఆహారం, ఆక్సిజన్ చాలక ఎదుగుదల మందగించిన కణాలు, ఎదిగే కణాలనే దెబ్బతీసే యాంటీబయాటిక్‌లను తట్టుకుంటాయి. అయితే ఇది జన్యువుల వల్ల వచ్చిన నిరోధకత కాదు. గుంపు విడిపోతే ఆ రక్షణ చాలావరకు పోతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

అసలు నిరోధకత చేరే దారి మరింత విచిత్రం. పెంకులోని కైటిన్ అనే గట్టి పదార్థం తగిలితే, బయటి డి.ఎన్.ఎ.ను లోనికి లాక్కునే జన్యువులు ఈ క్రిమిలో మేల్కొంటాయని 2005లో తేలింది. అదే కైటిన్ సంకేతంతో అది దాడికీ దిగుతుందని 2015లో బయటపడింది: విషపు ప్రొటీన్లను సూదిలా పొడిచే యంత్రాంగంతో పొరుగు బాక్టీరియాను చంపి, చిట్లిన కణంలోంచి జారిన డి.ఎన్.ఎ.ను స్వీకరిస్తుంది. ఆ ముక్కల్లో మందును తట్టుకునే జన్యువుంటే అదీ దక్కవచ్చు. ఇక చంపే పని లేకుండానే, కణం నుంచి కణానికి నేరుగా దాటే ఎస్.ఎక్స్.టి. అనే జన్యుఖండం ఉంది. 1990లలో భారతదేశపు కలరా క్రిముల్లో గుర్తించిన ఈ ఖండం సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్ నాలుగింటికీ ఒకేసారి నిరోధకతను మోసుకొస్తుంది.

గుంపుగా కడుపులోకి చేరిన క్రిములు జఠరామ్లాన్నీ మెరుగ్గా తట్టుకుంటాయి. అయితే గుంపు కట్టడంలోనే వాటికో ఇబ్బంది ఉంది. పాత నూలు చీరను పలు మడతలు పెట్టి వడకడితే ఒంటరి క్రిమి జారిపోతుంది గాని, కోపెపాడ్, దాన్నంటుకున్న గుంపు ఆగిపోతాయి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ పల్లెల్లో ఈ పద్ధతితో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రకటించారు. కొండవాగు పక్క చెలమలో మలం కలిసిన నీటికైతే చీర చాలదు. ఆ నీటిని మరిగించాలి, లేదా క్లోరిన్ కలపాలి.