మ్యాపులో రంగు మారినంత మాత్రాన ఇల్లు పోదు

ముసాయిదా జోనింగ్ ప్లాను ప్రజల ముందుకు వచ్చిన ప్రతిసారీ, ప్రణాళికా విభాగంలో పనిచేసే మాకు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మా ఇల్లు కమర్షియల్ జోన్‌లోకి వెళ్లిందట, ఎప్పుడు కూల్చేస్తారు?" ఈ ఒక్క అపోహ చేసినంత నష్టం మిగిలిన వదంతులన్నీ కలిసి కూడా చేయలేదు. భయపడినవారు ఆస్తిని అయినకాడికి తెగనమ్ముకుంటారు. ఆ భయాన్ని ప్రచారం చేసినవారే తరచుగా బేరానికి వస్తారు.

మ్యాపులో ఒక్కో రంగుతో చూపే జోన్‌ను బట్టి, ఒక స్థలంలో ఇకమీదట ఏ ఉపయోగానికి, ఎంత ఎత్తుకు, ఎంత ఖాళీ వదిలి కట్టడానికి అనుమతి ఇవ్వాలో జోనింగ్ చెబుతుంది. యాజమాన్యం జోలికి అది పోదు. 1926లో యూక్లిడ్ గ్రామం కేసులో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్‌ను సమర్థించింది కూడా ప్రజాహితం కోసం విధించే నియంత్రణగానే తప్ప, భూమిని స్వాధీనం చేసుకునే అధికారంగా కాదు. తన భూమి విలువ పడిపోతుందన్న సంస్థ ఆ కేసులో ఓడిపోయిందన్నది నిజమే. విలువ మారవచ్చు, హక్కు మారదు. భూసేకరణకు వేరే చట్టం, వేరే నోటీసు, పరిహారం ఉంటాయి. ఇప్పటికే ఉన్న ఉపయోగాన్ని సాధారణంగా కొనసాగనిస్తారు. విస్తరించాలన్నా, పడగొట్టి మళ్లీ కట్టాలన్నా కొత్త నిబంధనలు అడ్డు రావచ్చు.

ఒక బహిరంగ విచారణకు వృద్ధ దంపతులు మడతలు పడిన మ్యాపు జిరాక్సుతో వచ్చారు. "రేపే అగ్రిమెంటు బాబూ, సంతకం పెట్టమంటావా?" అని పెద్దాయన అడిగారు. రంగు గురించిన భయం నిరాధారమని, మ్యాపు మూలన రంగుల అర్థం చెప్పే సూచిక చూపించి చెప్పాను. అయితే వారు గమనించనిది మరొకటి అక్కడ ఉంది: ప్రతిపాదిత రోడ్డును సూచించే సన్నని చుక్కల గీత వారి ప్రహరీని తాకుతూ పోతోంది. అభ్యంతరం చెప్పవలసింది దాని మీద. సర్వే నంబరు, గీత తాకే పక్క, గోడ నుంచి ఇంటికి ఉన్న దూరం రాయించి, గడువులోపలే దరఖాస్తు ఇప్పించి, రెండో ప్రతి మీద అందినట్లు ముద్ర వేయించాను. అమ్మకం ఆగిపోయింది.

విచారణ రోజున గట్టిగా మాట్లాడితే చాలునని నమ్మేవారికి కూడా ఇదే సమాధానం. గడువు దాటాక హాలు దద్దరిల్లేలా అరిచినా, ఫైలులో కాగితం లేకపోతే ఆ అభ్యంతరాన్ని పరిశీలించవలసిన బాధ్యత నుంచి అధికారులు సులువుగా తప్పించుకోగలరు. ఒకే నమూనా మీద వందలమంది చేసిన సంతకాల కంటే, ఫలానా ప్లాటుకు ఫలానా ఇబ్బంది అని చెప్పే ఒక్క పేజీకి జవాబివ్వడమే మాకు కష్టం.

పార్కింగ్ విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రతి కట్టడానికీ ఇన్ని పార్కింగ్ చోట్లు తప్పనిసరి అనే కనీస పార్కింగ్ నిబంధనను రద్దు చేయడమంటే పార్కింగ్‌ను నిషేధించడం కాదు. 2017లో అమెరికాలోని బఫెలో నగరం ఆ నిర్బంధాన్ని ఎత్తివేసినప్పుడు బిల్డర్లకు లభించింది ఎన్ని చోట్లు కట్టాలో తామే నిర్ణయించుకునే వీలు మాత్రమే.

ఇక బడ్జెట్. నగరపాలక సంస్థ ఖాతాలో నిల్వ ఉంది కనుక మా వీధికి ఖర్చు పెట్టమని అడిగేవారు, ఆ నిల్వలో ఎక్కువభాగం నిర్దిష్ట పనికే కేటాయించినదై ఉండవచ్చని గుర్తించాలి. 1989లో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరంలో మొదలైన ప్రజా భాగస్వామ్య బడ్జెట్ పద్ధతిలో పేటలవారీ చర్చ అంకెలు ఖరారు కాకముందే జరుగుతుంది. ఆ పద్ధతి లేనిచోట కూడా, విభాగాలు అంచనాలు తయారుచేస్తున్న సమయంలోనే పని పేరు, కొలతలతో అర్జీ ఇవ్వండి. ఆమోద సమావేశం నాటికి మార్చడానికి మిగిలేది చాలా తక్కువ.