అందం కోసం చేయని గాజు

నా బల్ల మీద జానెడైనా లేని పాత మందు సీసా ఒకటి ఉంది. వెలుగుకు ఎత్తిపడితే లోతు తక్కువ సముద్రపు నీటి రంగు. గోడ ఒక పక్క మందం, ఒక పక్క పలచన. భుజం దగ్గర ఆవగింజంత గాలి బుడగ, మెడవైపు సాగి ఉంది. మెత్తగా ఉన్నప్పుడు గాజు ఎటు సాగిందో ఆ బుడగే చెబుతుంది. పాత గాజు ఏళ్ల తరబడి కిందికి జారి అడుగున మందమవుతుందని చాలామంది నమ్ముతారు. అది తప్పు. ఆ హెచ్చుతగ్గులు తయారైన రోజువే.

అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట పడే గీత మెడ దాకా వచ్చి మూతికి ముందే మాయమవుతుంది. మూతిని విడిగా, చేత్తో తీర్చారన్నమాట. 1903లో మైకేల్ ఓవెన్స్ సీసాలు చేసే యంత్రం వచ్చాక గీత మూతి అంచు మీదికి కూడా పాకింది.

ఇక రంగు. అది ఎవరూ కావాలని వేసింది కాదు. ఇసుకను ఒక్కదాన్నే కరిగించాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. సోడా (సోడియం కార్బొనేట్) కలిపితే తక్కువ వేడి చాలు. సోడా వేసిన గాజు నీటికి కరగకుండా సున్నం కూడా వేస్తారు. పిలవని చుట్టంలా ఇసుక వెంట ఇనుము వస్తుంది. దాని ఒక రూపం నీలం, ఇంకొకటి పసుపు. రెండూ కలిస్తే ఈ నీలి ఆకుపచ్చ. చవక సీసా కోసం మేలిరకం ఇసుక వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది?

రంగు వద్దనుకున్నవారు మాంగనీస్ డయాక్సైడ్ వేసేవారు. దానికి ‘గాజు సబ్బు’ అని పేరు. అది ఇనుమును పసుపు రూపానికి మార్చి, మిగిలిన ఛాయను తన ఊదాతో కప్పేస్తుంది. లెక్క సరిపోయిందనుకున్నారు. అయితే అలాంటి సీసా ఏళ్లపాటు ఎండలో పడి ఉంటే, అతినీలలోహిత కిరణాలు మాంగనీస్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. గాజు మెల్లగా లేత వంగపండు రంగుకు తిరుగుతుంది. ఇప్పుడు కొందరు వ్యాపారులు రేడియేషన్‌తో ఆ రంగు తెప్పించి అమ్ముతారు. నాకైతే అది రుచించదు. ముదురు రంగు చూడగానే అనుమానం వస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దపు విషం సీసాలు మరో రకం. ముదురు నీలం గాజు, ఒంటినిండా నిలువు గట్లు. చీకట్లో మందనుకుని అందుకున్నవారిని వేళ్లే హెచ్చరించాలని ఆ ఏర్పాటు. తంతి స్తంభాల మీది గాజు ఇన్సులేటర్లకు గంటలాంటి ఒంపు ఉన్నదీ సొగసుకు కాదు. వానలో సైతం అంచు లోపలి భాగం పొడిగా ఉండి, కరెంటు స్తంభంలోకి జారిపోకుండా చూడటానికి.

మట్టిలో చాలాకాలం ఉన్న గాజు మీద నెమలి కంఠపు మెరుపులు కనిపిస్తాయి. తేమ సోడాను మెల్లగా లాగేస్తుంది. పైన సిలికా పొరలు మిగులుతాయి, ఒక్కోటి కాంతి తరంగమంత పలచన. వాటి నుంచి వెనక్కి వచ్చే కిరణాలు ఒకదానితో ఒకటి కలిసి, సబ్బు బుడగ మీద మాదిరే రంగులు పుట్టిస్తాయి. ఈ సంగతి తెలియని రోజుల్లో అలాంటి సీసా ఒకటి దొరికితే మురికి అనుకుని బ్రష్షుతో గట్టిగా రుద్దాను. రంగులు పొలుసులుగా లేచి నీళ్లలో తేలాయి. చేతిలో మామూలు పచ్చ సీసా మిగిలింది.