పిల్లాడు ఒప్పుకున్నాడు కదా! సైఫైలో బాలమేధావుల భర్తీ: అపోహలు - వాస్తవాలు

పరిశీలనకు వచ్చే సైఫై (సైన్స్ ఫిక్షన్) రాతప్రతుల్లో ఒక సీను తప్పకుండా ఉంటుంది. యూనిఫాం వేసుకున్న పెద్దమనిషి ఇంటికొచ్చి "మీవాడు మామూలోడు కాదు" అంటాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటుంది, నాన్న సంతకం పెడతాడు, పిల్లాడు తలూపుతాడు. పేజీ తిప్పేసరికి వాడు నౌకలో ఉంటాడు.

అపోహ: అందరూ ఒప్పుకున్నారు కదా, ఇంకేంటి సమస్య?

వాస్తవం: ఎప్పుడు ఒప్పుకున్నారు, దేనికి ఒప్పుకున్నారు, కాదంటే ఏమయ్యేది? ఈ మూడూ తేలాలి. 1985 నాటి 'ఎండర్స్ గేమ్' నవలనే చూడండి. గ్రహాంతర శత్రువుతో పోరుకి సైన్యం మేధావి పిల్లల్ని ఏరుకునే కథ అది. ఎండర్‌కి ఆరేళ్లు. తల్లిదండ్రుల సమ్మతి వాడు పుట్టకముందే రాయించుకున్నారు. ఇద్దరికి మించి పిల్లలు కూడదన్న ఆ లోకంలో మూడో బిడ్డకు అనుమతి దొరికిందే ఆ షరతు మీద. అయినా భర్తీకి వచ్చిన అధికారి కల్నల్ గ్రాఫ్ పిల్లాడి ఇష్టం అడుగుతాడు. పాపం, వద్దంటే వాడు మిగిలేది హింసించే అన్న ఉన్న ఇంట్లోనే. ఇక ఆఖరి యుద్ధాన్ని వాడు పరీక్ష అనుకునే ఆడతాడు. తను దేనికి ఒప్పుకున్నాడో వాడికే తెలియదు.

సాయుధ పోరాటాల్లో పిల్లల గురించి 2002లో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి ఐచ్ఛిక ప్రోటోకాల్ (దేశాలు ఇష్టపడి చేరే అదనపు ఒప్పందం) 18 ఏళ్లలోపు స్వచ్ఛంద భర్తీకి నాలుగు అడుగుతుంది: నిజమైన ఇష్టం, తల్లిదండ్రులు తెలిసి ఇచ్చిన సమ్మతి, చేయాల్సిన పని గురించి పూర్తి సమాచారం, వయసుకు నమ్మదగిన రుజువు. 15 లోపు వాళ్లని సైన్యంలోకి తీసుకుంటే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు ఆధారమైన రోమ్ శాసనం ప్రకారం యుద్ధనేరమే.

మీ కథకి పరీక్ష సులువు. పిల్లాడు "రాను" అన్న సీను 200 మాటల్లో రాయండి. ఆ రాత్రి వాడెక్కడ పడుకుంటాడు? రేషన్ ఆగుతుందా? నాన్న ఉద్యోగం ఉంటుందా? బదులుగా చెల్లెల్ని అడుగుతారా? ఏమీ జరగకపోతే సమ్మతి నిజం. ఏదైనా జరిగితే అది బలవంతం, అలాగే చూపించండి. తర్వాత రెండో సీను: ఆరు నెలలకు "ఇంటికెళ్తా" అంటాడు. ఎవరికి చెప్పుకోవాలి? చాలామంది "ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు" అని ఒక్క వాక్యం పడేసి చేతులు దులుపుకుంటారు. తీరా చూస్తే బడి గ్రహశకలం మీద, నౌక మూడేళ్లకోసారి, అర్జీ తీసుకునేది పిల్లల తలలు లెక్కబెట్టుకునే కమాండెంటే!

ఈ బేరం మనకు కొత్తేమీ కాదు. విశ్వామిత్రుడు రాముణ్ణి అడిగినప్పుడు దశరథుడు ముందు ఎత్తింది వయసే: పదహారు నిండలేదన్నాడు. సేనతో తానే వస్తానన్నాడు. ఋషి కోపానికి భూమి కంపించింది, వసిష్ఠుడు నచ్చజెప్పాడు. రాజు సమ్మతే ఒత్తిడి మీద వచ్చింది. రాముడి ఇష్టం ఎవరూ అడగలేదు.

అపోహ: మేధావి కాబట్టి పెద్దవాళ్లతో సమానమే.

వాస్తవం: తొమ్మిదేళ్లకే వ్యూహం పన్నగలడు. శవాన్ని చూసిన రాత్రి మాత్రం తొమ్మిదేళ్ల పిల్లాడే.

అపోహ: తుపాకీ ఇవ్వలేదు, బాలసైనికుడెలా అవుతాడు?

వాస్తవం: బాలసైనికుల గురించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, 2007 పారిస్ సూత్రాలు, వంటవాళ్లని, మోతగాళ్లని, వేగులని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. మీ కథలో రహస్య సంకేతాలు ఛేదించే పాపా అంతే.

అపోహ: లోకమే మునిగిపోతుంటే నీతులెందుకు?

వాస్తవం: మునుగుతోందని చెప్పేదెవరు? భర్తీ చేసుకునేవాడే. ఎండర్ లోకంలో శత్రువు మళ్లీ దాడి చేసే ఆలోచనే మానుకుంది.

అపోహ: సైనిక బడి అంటేనే తప్పు.

వాస్తవం: కాదు. కోరుకొండ సైనిక్ స్కూల్లో ఆరో తరగతిలో చేరిన పిల్లాడు సైన్యంలోనే చేరాలన్న నిర్బంధం లేదు, ఇంజనీరింగ్‌కి పోవచ్చు. మీ బడికి అలాంటి తలుపుందా?

ఇలాంటి కథ రాస్తే పిల్లల్ని యుద్ధానికి పంపడాన్ని సమర్థించినట్టేనా అని కొత్తవాళ్లు బెంగపడతారు. అక్కర్లేదు, ధైర్యంగా రాయండి. భర్తీ అధికారికి సొంత పిల్లలుంటే, వాళ్లు ఏ బళ్లో చదువుతున్నారో ఒక్క వాక్యం చేర్చండి.