పిల్లలు పుట్టడం కాదు, గుంపు నిలవడమే కష్టం

విశాఖపట్నంలో కంబాలకొండ అడవిని ఆనుకుని ఉన్న ఇందిరాగాంధీ జూ 1977లో మొదలైంది. దేశంలో రేచుకుక్కల (మన అడవికుక్కల) సంరక్షణ ప్రజననానికి, అంటే జాతి నిలిచేలా జూల్లో పిల్లలు పెట్టించే పనికి, సమన్వయ బాధ్యతను కేంద్ర జూ అథారిటీ ఈ జూకే అప్పగించింది. బ్రిటిష్ కాలంలో ఇదే జంతువును చంపి తెస్తే సర్కారు బహుమానం ఇచ్చేది. ఆఫ్రికాలోనూ అడవికుక్కలను పశువుల శత్రువని కాల్చారు, విషం పెట్టారు.

ఈ రెండూ వేర్వేరు ప్రజాతులు. ఆఫ్రికా కుక్కకు ముందుకాళ్లకు నాలుగేసి వేళ్లే ఉంటాయి, గర్భకాలం 70 రోజులు, కాన్పుకు సగటున పది పిల్లలు. రేచుకుక్క 60-63 రోజులకే ఈనుతుంది. నడవడి మాత్రం ఒకటే. గుంపులో మామూలుగా ఒక్క జంటే ఈనుతుంది, మిగతావి తిన్న మాంసం కక్కి పిల్లలకు పెడతాయి. ఎన్‌క్లోజర్‌లో చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఒకదాన్ని వైద్యానికి బయటికి తీస్తే గుంపులో పెద్దాచిన్నా వరస మారిపోతుంది, తిరిగి వదిలినప్పుడు తోటివే మీద పడి చీల్చొచ్చు. మత్తు పూర్తిగా దిగాకే, వీలైనంత త్వరగా కలపాలి. కొత్త గుంపు కట్టేటప్పుడు అన్నదమ్ములైన మగవాటిని, వాటితో రక్తసంబంధం లేని అక్కచెల్లెళ్లను జాలీకి అటూ ఇటూ కొన్నాళ్లు ఉంచి, వాసన అలవాటయ్యాక తలుపు తీస్తారు. గుహలు ఒకటికి మించి కట్టాలి. ఈనిన తొలివారాల్లో దగ్గర చప్పుడైతే తల్లి పిల్లల్ని నోట కరుచుకుని చోటు మారుస్తూ తిరుగుతుంది, ఒక్కోసారి చంపేస్తుంది కూడా. ఆ రోజుల్లో గుహ కడగకపోవడమే మేలు, కెమెరా చాలు.

అసలు దెబ్బ డిస్టెంపర్‌తో తగిలింది, అది కుక్కలకు వచ్చే ప్రాణాంతక వైరస్ రోగం. పెంపుడు కుక్కలకు నిక్షేపంగా పనిచేసే లైవ్ టీకా (బలం తగ్గించిన బతికున్న వైరస్‌తో చేసేది) ఆఫ్రికా కుక్కపిల్లలకు ఆ రోగాన్నే తెచ్చింది. దాంతో చంపిన వైరస్ టీకాకు మళ్లారు. అదీ ఆదుకోలేదు. టాంజానియాలోని మ్కోమజీ ప్రజనన కేంద్రంలో ఆ టీకా వేసి ఉంచినా, 2000 చివర్లో మొదలైన రోగం 52 కుక్కల్లో 49ని మింగేసింది. ఇప్పుడు చాలా జూలు కానరీపాక్స్ అనే పక్షుల వైరస్‌లో డిస్టెంపర్ జన్యువులు చేర్చిన టీకాను ఎంచుకుంటున్నాయి. అందులో డిస్టెంపర్ వైరస్ లేదు కాబట్టి ఆ రోగం రాదు.

విశాఖలో ఊరు పెరిగి జూ గోడ దాకా వచ్చింది, దానితోపాటు ఊరకుక్కలూ వచ్చాయి. లోపల టీకాలు ఎంత పకడ్బందీగా వేసినా, గోడ అవతలి కుక్కలకు వేయకపోతే ముప్పు అలాగే ఉంటుంది. కీపర్ ఇంట్లో కుక్క ఉంటే దానికీ టీకా తప్పదు, ఎన్‌క్లోజర్‌కు వేరే బూట్లు పెట్టాలి.