రెండు ఫైళ్లుంటే రెండు కొలతలైపోవు: భూభ్రమణ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్ వైపు నుంచి నా దగ్గరికి ప్రాజెక్టుకు వచ్చే ఎమ్మెస్సీ పిల్లల్లో చాలామంది ఒకే అపోహతో వస్తారు: ఎన్ని సిరీస్‌లు (కొలతల వరుసలు) కలిపితే యూటీ1 (భూమి ఎంత తిరిగిందో చెప్పే కాలమానం) అంత కచ్చితంగా వస్తుందని. విడివిడిగా కొలిచినవైతేనే ఆ మాట చెల్లుతుంది.

ఒకే వీఎల్‌బీఐ (దూరదూరంగా ఉన్న రేడియో టెలిస్కోపులు ఒకేసారి ఆకాశాన్ని చూసి కొలిచే పద్ధతి) సెషన్లను రెండు కేంద్రాలు విశ్లేషిస్తే రెండు ఫైళ్లు వస్తాయి. అంతర్జాతీయ భూభ్రమణ సంస్థ ఐఈఆర్ఎస్ అన్నీ కలిపి ఇచ్చే సీ04 సిరీస్‌లోనూ ఆ సెషన్లు కలిసే ఉంటాయి. మూడింటినీ కాల్మన్ ఫిల్టర్‌లో (కొలతలను వాటి ఎర్రర్లను బట్టి కలుపుతూ అంచనా వేసే లెక్క) వేస్తే అది మూడు కొలతలనే నమ్ముతుంది. ఒకడన్న మాటను ముగ్గురు మోసుకొస్తే ముగ్గురు సాక్షులవుతారా? విలువ పెద్దగా మారదు. ఎర్రర్ మాత్రం దాదాపు 1.7 రెట్లు తగ్గినట్టు కనిపిస్తుంది. కొంప మునిగేది అక్కడే. ఆ ధీమాతో ఫిల్టర్, తర్వాత వచ్చే మంచి కొలతను లెక్కచేయదు, ఒక్కోసారి అవుట్‌లయర్ (మిగతావాటితో పొంతన లేనిది) అని బయట పడేస్తుంది. యూటీ1లో 1 మిల్లీసెకను తప్పితే మన నల్గొండ దగ్గర నేల మీద దాదాపు 44 సెంటీమీటర్ల తేడా.

కాబట్టి ఏ కొలతైనా ఒక్కసారే వాడాలి. కలిపే ముందు ఒక్కో సిరీస్‌ను మిగతావాటితో పోల్చి బయాస్ (స్థిరమైన తేడా), రేట్ (కాలంతో పెరిగే తేడా) సరిచేయాలి. రెడ్యూస్డ్ కై-స్క్వేర్ (అసలు తేడాలు చెప్పిన ఎర్రర్లకు సరిపోతున్నాయా అని చూపే అంకె) 1కి దగ్గరపడేలా దాని ఎర్రర్లను స్కేల్ చేయాలి. ఈ పని విసుగే, కానీ ఇది వదిలేసి ఫిల్టర్ కోడ్‌ను తిట్టి లాభం లేదు.

పిల్లలు అడిగే ఇంకో ప్రశ్న: "జీపీఎస్ ఉండగా వీఎల్‌బీఐ ఎందుకు సార్?" ధ్రువ చలనానికి (భూమి అక్షం నేల మీద కాస్త కాస్త జరగడం) జీపీఎస్ బంగారమే. యూటీ1కి చాలదు. ఉపగ్రహ కక్ష్యాతలం జరిగిందా, భూమి తిరిగిందా అన్నది దానికి విడిగా తేలదు. రోజు నిడివి ఇస్తుంది, దాన్ని కూడుతూ పోతే తప్పు పేరుకుంటుంది. దూరపు గెలాక్సీల్లో వెలిగే క్వేజార్లను చూసే వీఎల్‌బీఐ దాన్ని మళ్లీ దారిలో పెడుతుంది.

ఫిల్టర్ డేటాను నునుపు చేసి దాస్తుందన్నదీ వట్టి మాటే. కొలత లేని రోజుల్లో అనిశ్చితి పెరిగిందని అది బాహాటంగానే చెబుతుంది.

ఇక పుకార్లు. 2025 జూలైలో మిర్యాలగూడ నుంచి మా పెద్దమ్మ ఫోన్: "భూమి జోరుగ తిరుగుతుందంట, ఏమన్నా అయితదా బిడ్డా?" పాపం, రాత్రంతా నిద్ర లేదట. రోజులో తగ్గింది మిల్లీసెకను పైచిలుకే పెద్దమ్మా, రెప్పపాటులో వందో వంతు కూడా కాదని చెప్పాక కుదుటపడింది. ఇలాంటి టెన్షన్ పెట్టే వీడియోల మీద నాకు ఒళ్లు మండుతుంది. 2011 జపాన్ భూకంపం రోజును 1.8 మైక్రోసెకన్లు తగ్గించిందన్నది కూడా మోడల్ లెక్క. గాలుల వల్ల రోజు నిడివిలో వచ్చే మార్పుల్లో అది విడిగా దొరకనంత చిన్నది.