తుమ్ములకు మార్కులు

చి. బుజ్జికి, చిన్నాకి అమ్మమ్మ ఆశీస్సులు.

దసరా సెలవుల్లో అటక మీది బొంతలు దింపిన రోజు గుర్తుందా? చిన్నా వరసగా పదకొండు తుమ్ములు తుమ్మి, గెలిచానన్నాడు. బుజ్జి ఒక్కటీ తుమ్మలేదు గానీ, ముక్కు దిబ్బడేసి, నోరు తెరుచుకుని రాత్రంతా దొర్లింది. 'ఎలర్జీ ఎవరికి ఎక్కువ అమ్మమ్మా?' అని తీర్పు చెప్పమన్నారు. పులిహోర కలుపుతూ తప్పించుకున్నాను. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, జవాబు బాకీ పెడితే నాకు నిద్ర పట్టదు.

జ్వరానికైతే థర్మామీటర్ ఉంది. ఎలర్జీ ముక్కుకు అలాంటిదేం లేదు. తుమ్ములు లెక్కపెడదామంటే బుజ్జి దిబ్బడ అందులోకి రాదు. అందుకని డాక్టర్లు ఆరు బాధలు తీసుకుంటారు: ముక్కు దురద, తుమ్ములు, ముక్కు కారడం, దిబ్బడ, కళ్ళు దురదపెట్టడం లేదా ఎర్రబడటం, కళ్ళ నీళ్ళు. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. అసలు లేకపోతే 0. ఉందని తెలుస్తున్నా పట్టించుకోనక్కర్లేకపోతే 1. చిరాకు పెట్టినా ఓర్చుకోగలిగితే 2. చదువో నిద్రో పాడైతే 3. ఆరూ కూడి ఆరుతో భాగించాలి. ఇందులో ఎక్కువ మార్కులు తెచ్చుకుని మురిసిపోకండి మరి.

ఇంతవరకూ తేలికే. తిరకాసంతా మందుల దగ్గరుంది. చాలా ఏళ్ళ కిందట డాక్టరుగారు 'ఎలా ఉందమ్మా' అంటే 'బ్రహ్మాండంగా ఉందండీ' అన్నాను. 'మాత్ర వేసుకుంటే బాగుందా, వేసుకోకపోయినా బాగుందా?' అన్నారాయన. నాకు నోట మాట రాలేదు. రోజూ రాత్రి సెట్రిజిన్ మింగుతూ చెప్పిన మాట అది!

కొత్త వైద్యాలను పరీక్షించేటప్పుడూ ఇదే చిక్కు. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇస్తారు. ఉత్తుత్తి మందు వాళ్ళు తుమ్ములు భరించలేక మామూలు ఎలర్జీ మాత్రలు మింగుతారు. చివర్లో బాధలు మాత్రమే అడిగితే రెండు జట్లూ ఇంచుమించు ఒకేలా కనిపించొచ్చు. అందుకే 2014లో యూరప్ ఎలర్జీ డాక్టర్ల సంఘం మందుకూ మార్కులు పెట్టి, బాధల మార్కులతో కలపమంది. ఏమీ వాడకపోతే 0, సెట్రిజిన్ లాంటివి వాడితే 1, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేకి 2, స్టెరాయిడ్ మాత్ర మింగితే 3. ఇవేమీ తక్కెడలో తూచిన అంకెలు కావు, పెద్దలు కూర్చుని ఒప్పుకున్నవి.

ఇప్పుడు మీ లెక్క. చిన్నాకి తుమ్ములు 3, కారడం 3, ముక్కు దురద 2, కళ్ళ దురద 1. మొత్తం 9, ఆరుతో భాగిస్తే 1.5. ఆ రోజు ఒక సెట్రిజిన్ వేసుకున్నాడు కాబట్టి 2.5. బుజ్జికి దిబ్బడ ఒక్కటే 3, అంటే 0.5. స్ప్రే రోజూ కొట్టుకుంటుంది కనక ఇంకో 2. తనకీ 2.5! నమ్మలేక నేనూ రెండుసార్లు కూడాను.

కానీ రాత్రంతా నిద్రపోని పిల్లకి బాధ కింద అర మార్కేనా? ఆరుతో భాగించేసరికి ఆ ఒక్క దిబ్బడ నీళ్ళ మజ్జిగలా పలచబడిపోయింది. ఈ లెక్క మీద నాకున్న గొడవ ఇదే. దీనికి విరుగుడుగా ఇంకో పద్ధతి ఉంది. స్కేలుతో 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఎడమ చివర 'ఏ బాధా లేదు', కుడి చివర 'ఇంతకంటే బాధ ఉండదు'. ఇవాళ్టి మీ పరిస్థితి ఎక్కడుందో అక్కడ చుక్క పెట్టి, ఎడమ నుంచి కొలవండి. 50 మిల్లీమీటర్లు దాటితే ఎలర్జీ అదుపులో లేనట్టే. మొన్న ఫోన్లో ఆ బొంతల రోజు గురించి అడిగితే బుజ్జి 70 అంది, చిన్నా 40 అన్నాడు. కాబట్టి నా తీర్పు: కూడికలో ఇద్దరూ సమానం, గీత మీద బుజ్జిదే పైచేయి. అయినా ఇది గుర్తున్నంతలో వేసిన లెక్క. ఏ రోజుది ఆ రాత్రే రాస్తేనే నమ్మొచ్చు.

ఇంకో మాట. మీరు రోజూ మార్కులు రాసుకునే పుస్తకంలో మందు వాడిన రోజులే ఎక్కువ బాధగా కనిపిస్తే, మందు వల్లే పెరిగిందనుకుని మానేయకండి. చాలామంది బాధ ఎక్కువైనప్పుడే మందు తీస్తారు, అందుకే అలా కనిపిస్తుంది. దిబ్బడ విప్పే డ్రాప్స్ సంగతి మాత్రం వేరు. నాలుగైదు రోజులకు మించి వాడితే దిబ్బడ తిరగబెడుతుంది. ఒకసారి మందుల షాపులో అడిగి తెచ్చుకుని రెండు నెలలు వేసుకున్నాను. చివరికి అవి వేసుకోందే ముక్కు తెరుచుకునేది కాదు. పై మార్కుల్లో వాటికి చోటు లేదు గానీ, మీరు మాత్రం పేరూ తేదీ రాసిపెట్టుకోండి. డాక్టరుగారికి చూపించాలి.

ఇద్దరికీ చెరొక పాత డైరీ పంపుతున్నాను. బొంతలన్నీ మసిలే నీళ్ళలో ఉతికించి ఎండేశాను. సంక్రాంతికి వచ్చినప్పుడు వాటి మీదే పడుకుని, మార్కులెన్నో మీరే వేసి చెప్పండి.

మీ అమ్మమ్మ